నాలుగు మూలగీతలు

జూన్ 9, సోమవారం

పట్టేసింది. మూడు గింజలు ఒక గీత మీద చేరగానే ట్యాబ్ 'టింగ్' మంది.

పదకొండేళ్ళుగా డిగ్రీ పిల్లలకు సి లాంగ్వేజి చెబుతున్నాను. బోర్డు తుడిచాక కూడా మిగిలే ప్రోగ్రాం ఒక్కటీ రాయలేదు. ఇదే మొదటిది, దాడి ఆట. ఆ చప్పుడు విని నాకే ఒళ్ళు జలదరించింది. గింజంటే ఏమిటో, ఓటమంటే ఏమిటో తెలియని గాజు పలక, దాడి పడిందని నాకంటే ముందు చెప్పింది. నాలుగుసార్లు ఊరికే పెట్టి చూశాను, ఆ చప్పుడు కోసమే.

ముందు రూలు రాసుకోండి, తర్వాత కోడ్ అని పిల్లల ప్రాణం తీస్తాను కాబట్టి నేనూ రాసుకున్నాను. ఒకదానిలో ఒకటి మూడు చదరాలు. ఒక్కో చదరానికి నాలుగు మూలలు, భుజాల మధ్యలో నాలుగు నడుములు, వెరసి ఇరవై నాలుగు చోట్లు. చదరాల భుజాలు పన్నెండు, నడుములను కలిపే అడ్డగీతలు నాలుగు, వెరసి పదహారు గీతలు. మనిషికి తొమ్మిది గింజలు. ఒక్కొక్కటే పెట్టాలి, పెట్టడం అయిపోయాక పక్క చోటికి జరపాలి. ఒక గీత మీద మూడూ మనవైతే దాడి. దాడి పడితే ఎదుటివాళ్ళ గింజ ఒకటి పోతుంది. రెండే మిగిలినవాళ్ళు ఓడినట్టు.

చేసిన మొదటి తప్పు కూడా రాసిపెడతాను, మళ్ళీ చేయకుండా. ఒకసారి పడిన దాడి బోర్డు మీద అలాగే ఉంటుంది కదా. నా ప్రోగ్రాం ప్రతి ఎత్తుకూ ఆ పాతదాన్నే చూసి టింగ్ టింగ్ అని సంబరపడింది. ఇప్పుడు కదిలిన గింజ ఏ గీతల మీద ఉందో వాటినే చూడమని షరతు పెట్టాను. కొత్త దాడే దాడి.

రేపు అమ్మతో ఆడిస్తాను.

జూన్ 10

అమ్మ ఎడమ చూపుడు వేలితో పెట్టింది. ఒక్కో గింజకు నిమిషం. వేలు వణికింది కానీ పెట్టింది. తొమ్మిదీ పెట్టింది. నేను గెలిచాను.

ఏప్రిల్లో పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. వాటికంటే నన్ను తినేస్తున్నది డాక్టరు గారు అడిగిన ప్రశ్న. మనం చెప్పేది ఆమెకు అర్థమవుతోందా అన్నారు. నేను అన్న వైపు చూశాను, అన్న నా వైపు చూశాడు. అన్నం తింటావా అంటే ఊ. ఆకలి లేదా అన్నా ఊ. ఆ ఊని ఏమని చెప్పను.

జూలై 14న మళ్ళీ చూపించాలి. ఎజ్రా అన్న అప్పటిదాకా ఆగుతానన్నాడు. అర్థమవుతోందని తేలితే అమ్మ ఇక్కడే కంఠేశ్వర్‌లో నా దగ్గర ఉంటుంది, మాట నేర్పించే ప్రయత్నం చేద్దాం. కాదని తేలితే జక్రాన్‌పల్లి దగ్గర మంచం పట్టినవాళ్ళను చూసుకునే హోం ఒకటి ఉందట. అన్న బోధన్‌లో స్కూలు వ్యాను నడుపుతాడు. నేను పొద్దంతా కాలేజీలో ఉంటాను. పక్కింటి వాజిదా ఆపా మిషను కుట్టుకుంటూ అమ్మను కనిపెట్టి ఉంటోంది, అదీ ఎన్నాళ్ళు. అన్న చెప్పేది తప్పని అనలేను. ఆసుపత్రి మెట్ల మీద అమ్మను చంటిపిల్లలా ఎత్తుకుని దిగింది వాడే.

దాడి ఆట ఆలోచన కూడా వాడిదే. చిన్నప్పుడు రెంజల్‌లో అమ్మ బాగా ఆడేదని తాత చెప్పేవాడట. నేను అమ్మతో ఎప్పుడూ ఆడలేదు. హాస్టల్లో రెండు వందల మంది పిల్లలకు వండే మనిషి ఆటకు కూర్చునేదెప్పుడు. నేను ఇక్కడే, బడి వరండాలో నేర్చుకున్నాను.

రోజుకు రెండు ఆటలు. ప్రతి ఎత్తూ ట్యాబ్ దాచుకుంటుంది. జూలై 14న డాక్టరు గారి ముందు పెడతాను. నా మాట నమ్మకపోయినా లెక్క నమ్ముతారు.

జూన్ 12

రెండూ ఓడింది.

జూన్ 15, ఆదివారం

అన్నీ మూలల్లోనే పెడుతోంది. నడుములు ఖాళీగా ఉన్నా చూడదు. నా గింజలు రెండు పక్కపక్కన ఉంటే ఒక్కోసారి మూడోది అడ్డు పెడుతుంది, ఒక్కోసారి పోనీలే అన్నట్టు మళ్ళీ ఏదో మూలకు పోతుంది.

ఇంకొకటి. ఆట మధ్యలో స్క్రీన్ మూలలు తుడుస్తోంది. బయటి మూల నుంచి లోపలి మూలకు ఏటవాలుగా, వేలితో గట్టిగా. గుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచాను. ఏమీ లేదక్కడ. మళ్ళీ తుడిచింది. నలభై ఏళ్ళు కంచాలు తుడిచిన చేయి, దాని అలవాటు దానిది.

జూన్ 17

ఈ రోజు తన నల్లగింజ పెట్టి, వెంటనే నా తెల్లగింజ నొక్కింది. తప్పు నొక్కుడు కాబట్టి ట్యాబ్ 'బర్ర్' మంది. నీది నలుపమ్మా అన్నాను. ఊ అంది. మళ్ళీ అదే తెల్లగింజ నొక్కింది. తర్వాత ఎడమ చేయి నా ముందుకు చాపింది.

దాహమేమోనని గ్లాసు పెట్టాను. తీసి పక్కన పెట్టబోయింది, నీళ్ళన్నీ పక్క మీద పడ్డాయి.

తనదేదో నాదేదో తెలియడం లేదు.

జూన్ 18

మళ్ళీ అలాగే. నా గింజ నొక్కడం, బర్ర్, చేయి చాపడం. బిస్కెట్ పెట్టాను. విసిరికొట్టింది. ఒక్క మెతుకు కింద పడినా కళ్ళకద్దుకుని తీసే మనిషి.

వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చాను. దాచుకోవడమెందుకు, ఇక్కడ చదివేదెవరు.

జూన్ 20

ఆ బర్ర్ తీసేశాను. ఇక నా గింజ నొక్కితే ప్రోగ్రాం పట్టించుకోదు. ఇద్దరికీ ప్రశాంతం.

జూన్ 24

నిలువు గీత మీద అమ్మకు ఒక దాడి పడింది. టింగ్ మంది. నా గింజ నొక్కింది, అది మాయమైంది. సరిగ్గా నొక్కింది, తనను బాగా కట్టడి చేస్తున్న గింజనే తీసేసింది. ఆశ పడకు ప్రిస్కిల్లా అని చెప్పుకున్నాను. ఆమె ఎప్పుడూ నా గింజలే నొక్కుతుంది, ఈసారి కుదిరింది, అంతే.

తర్వాత మళ్ళీ చేయి చాపింది. దువ్వెన ఇచ్చాను.

వాజిదా ఆపా గుమ్మంలో నిలబడి చూసింది. అమ్మకు నా మీదే కోపం ఎక్కువవుతోందన్నాను. ఆపా తల అడ్డంగా ఊపింది.

"కోపం గాదు. అడుగుతున్నది. ఏందో నీ తాన బాకీ ఉన్నట్టు అడుగుతున్నది."

ఆపాకు అందరూ ఏదో అడుగుతున్నట్టే కనిపిస్తుంది, బట్టలు ఎప్పుడిస్తావని అడిగేవాళ్ళే వచ్చే ఇల్లు కదా.

జూన్ 29, ఆదివారం

అన్న వచ్చాడు. ఒక ఆట మొత్తం చూశాడు. ఎంత స్కోరు అన్నాడు. ముప్పై ఏడు ఆటలు, అన్నీ నావే అన్నాను.

"నీ ప్రోగ్రాం అబద్ధమాడది గద" అన్నాడు.

ఆడదన్నాను. చెబుతున్నప్పుడు ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. ఛీ.

జూలై 3

ఆడలేదు. ట్యాబ్ తీయగానే మొహం గోడకు తిప్పుకుంది.

జూలై 5

ఈ రోజు నన్ను నేను పట్టుకున్నాను. అమ్మ ముందే వాజిదా ఆపాతో అమ్మ గురించి మాట్లాడుతున్నాను. తిన్నదా, కక్కిందా, పక్క తడిపిందా. ఆమె అక్కడ లేనట్టు. ఎప్పటి నుంచి ఇలా మాట్లాడుతున్నానో గుర్తు లేదు.

జూలై 8

అన్న ఆ హోం ఫోటోలు పంపాడు. శుభ్రంగా ఉంది. గదిలో ఆరు మంచాలు, కిటికీలున్నాయి. ఆకుపచ్చ దుప్పట్లు. బాగానే ఉందని మెసేజి పెట్టాను.

జూలై 12

లెక్క ప్రింటు తీశాను. యాభై ఎనిమిది ఆటలు, అమ్మ గెలిచినవి సున్నా. అమ్మను నిలబెట్టడానికి మొదలుపెట్టిన లెక్క ఇది.

పదహారు గీతలనూ మళ్ళీ ఒక్కొక్కటే పరీక్షించాను. తప్పు దొరకాలని ఎంత కోరుకున్నానో. తప్పు లేదు.

జూలై 13, ఆదివారం

అంతా వరసగా రాయాలి.

చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో పెంటవ్వ కూర్చుని ఉంది. అమ్మకు రెంజల్‌లో చిన్నప్పటి జత. నేను పెద్దమ్మా అంటాను. విషయం ఆలస్యంగా తెలిసి, సంచిలో ఉడికించిన పల్లీలు వేసుకుని బస్సెక్కి వచ్చింది. అమ్మ మంచం మీద కూర్చుని గంటసేపు తనే మాట్లాడింది. పొలం గురించి, అల్లుడి ట్రాక్టర్ గురించి, చచ్చినవాళ్ళ గురించి. జవాబు రావడం లేదన్న ధ్యాసే లేదు ఆమెకు. నేను నెల రోజుల్లో అంత మాట్లాడలేదు.

ట్యాబ్ కనిపిస్తే ఇదేందని అడిగింది. దాడి పెద్దమ్మా, అమ్మతో ఆడిస్తున్నానన్నాను. కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గిదేం దాడి బిడ్డా? మూలలేవి?"

మూలలున్నాయి కదా అని చూపించాను.

"మూలలుంటె ఏం లాభం, మూలలకు గీతలేవి? గింత సదువుకున్నవ్, గదే మర్సిపోయినవ్."

నా సంచిలోంచి చాక్‌పీసు తీసి గచ్చు మీద గీసింది. మూడు చదరాలు, నడుముల గీతలు నాలుగు. అంతవరకు నాదే. తర్వాత బయటి మూల నుంచి లోపలి మూలకు ఏటవాలుగా ఒక గీత. రెండోది. మూడోది. నాలుగోది.

ఆ చాక్‌పీసు ఏటవాలుగా కదులుతుంటే ఆ కదలికను ఎక్కడో చూశాననిపించింది. అమ్మ వేలు. స్క్రీన్ మూలల మీద, బయటి నుంచి లోపలికి, గట్టిగా. నేను గుడ్డ పెట్టి తుడిచాను. ఆమె తుడవలేదు. లేని గీతలు గీస్తోంది.

అమ్మ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఇద్దరం పట్టి పీట మీద కూర్చోబెట్టి గోడకు ఆనించాం. అమ్మకు చింతగింజలు, పెంటవ్వకు చాక్‌పీసు ముక్కలు. పెంటవ్వ అల్లుడి ట్రాక్టర్ కథ ఆపకుండానే ఆడుతోంది. అమ్మ వేలు మాత్రం ఈ నెలలో నేను చూసిన వేలు కాదు. వణుకు ఉంది, సందేహం లేదు. ఏడో ఎత్తుకు ఒక మూలగీత మీద మూడు చింతగింజలు. అమ్మ ఒక చాక్‌పీసు ముక్కను వేలితో తాకింది. ఎడమ చేయి చాపింది.

పెంటవ్వ మాట ఆపలేదు, చేతి వైపు చూడను కూడా లేదు. ఆ ముక్క తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. అమ్మ వేళ్ళు ముడిచింది.

చేయి ఎందుకు చాపిందని అడిగాను.

"చెరుకు బండ్ల కాడి ఆట బిడ్డా గిది. బోధన్ ఫ్యాక్టరీ ముంగట రెండ్రోజులు బండ్లు లైన్ల ఉంటుండె. మీ తాత బండి కింద మేమిద్దరం కూసుంటుంటిమి. మరాఠీ బండ్లోళ్ళు మూలలు గీసేటోళ్ళు, వాళ్ళ తాననే నేర్సుకున్నం. దాడి వడితె గింజ మనమే తీస్కోవద్దు, తీస్కుంటె తొండి. ఇగో గిది గావాలె అని సూపెట్టాలె, చేయి సాపాలె. ఓడినోడు తన చేతితోని పెట్టాలె. గది మర్యాద." నా వైపు తిరిగి అంది. "మీ అమ్మ ముంగట కూసునేటందుకు బండ్లోళ్ళు భయపడుతుండిరి. నీకు సెప్పలేదా?"

చెప్పలేదు. నేను అడగలేదు.

పెంటవ్వ మధ్యాహ్నం బస్సుకు పోయింది. చింతగింజలు నా చేతి రుమాల్లో కట్టి ఇచ్చింది. గబగబా ఆ నాలుగు గీతలూ ప్రోగ్రాంలో చేర్చి, దాచిన యాభై ఎనిమిది ఆటలనూ దాని ముందు పెట్టాను. టింగ్ ఆగలేదు. నూట పదిహేడు అని చూపించింది. నూట పదిహేనుసార్లు అమ్మకు దాడి పడి, నేను గింజ ఇవ్వలేదు. మిగిలిన రెంటికీ గింజ స్క్రీన్ మీద పోయింది కానీ నా చేత్తో ఇవ్వలేదు.

తర్వాత ఈ డైరీ పక్కన పెట్టుకుని చూశాను. జూన్ 17, నీళ్ళ గ్లాసు: మూలదాడి పడిన ఎత్తు. జూన్ 18, బిస్కెట్: మూలదాడి. పెన్నుతో ప్రతిదాని పక్కనా టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఒక్కటీ తప్పలేదు. నేను జబ్బు అని రాసిన ప్రతిచోటా ఆమె గెలిచింది.

మూలలు నేను ఎప్పుడూ అడ్డుకోలేదు కదా, అక్కడ గీతే లేదనుకున్నాను. అందుకే అన్నీ మూలల్లో పెట్టింది. ఎదుటివాడు కాపలా కాయని చోటే కొట్టింది. దాడి పడిందని చూపించింది. నేను చూడలేదు. అడిగింది. గ్లాసు పెట్టాను. మళ్ళీ అడిగింది. ఆమె అడిగే దారినే ప్రోగ్రాంలోంచి తీసేసి, ప్రశాంతమని రాసుకున్నాను. అయినా మర్నాడు వేలు పైకెత్తి మళ్ళీ ఆడింది.

నా తల్లి ఎవరో నాకు ఈ రోజు తెలిసింది. భయంగా ఉంది, గొప్పగా ఉంది, సిగ్గుగా ఉంది. పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆమె నా తల మీద చేయి పెట్టింది, పెట్టి వెంటనే తీసేసింది. ఇంకా కోపంగానే ఉన్నట్టుంది. ఉండనీ.

జూలై 14, సోమవారం

ఓపీ అయిపోయాక పదకొండు నంబరు గదిలోకి పిలిచారు. అన్న అమ్మ కుర్చీ వెనక నిలబడ్డాడు. నేను అంతా చెప్పాను, డైరీ టిక్కులతో సహా. డాక్టరు గారు ఓపిగ్గా విన్నారు. తర్వాత మెల్లగా అన్నారు, చిన్నప్పటి అలవాట్లు చేతిలో ఉండిపోతాయి, చేతికి తెలిసినంత మాత్రాన మనిషికి అర్థమవుతున్నట్టు కాదు అని. అన్న తల దించుకున్నాడు. ఆయన చెప్పింది కొట్టిపారేసే మాట కాదు.

ఒక్క ఆట చూడండి సార్ అన్నాను. టేబుల్ మీద ట్యాబ్ పెట్టాను, ఇప్పుడు నాలుగు మూలగీతలతో. పక్కన రుమాలు విప్పి చింతగింజలు. దాడి పడినప్పుడల్లా ఒక గింజ అమ్మ చేతిలో పెట్టడం నా పని.

ఎనిమిదో ఎత్తుకు పైన ఎడమ మూలలో దాడి. టింగ్. అమ్మ నా తెల్లగింజ ఒకటి నొక్కింది, చేయి చాపింది. చింతగింజ పెట్టాను. నా చేత్తో మొదటిసారి. వేళ్ళు ముడుచుకున్నాయి.

తర్వాతి ఎత్తుకు అమ్మ కింద కుడివైపు ఎక్కడో పెట్టింది. మళ్ళీ టింగ్. సంతోషంతో గింజ పట్టుకున్నాను. అమ్మ చేయి చాపలేదు. ఒళ్ళో పెట్టుకుని, నా ఎత్తు కోసం చూస్తోంది.

ట్యాబ్ ఆమె కోసం ఆగింది. ఆమె నా కోసం ఆగింది.

నీదేనమ్మా తీసుకో అని ఆమె అరచేయి తెరిచి గింజ పెట్టాను. అమ్మ దాన్ని చూసింది, ట్యాబ్ చూసింది. వణుకుతున్న వేళ్ళతో దాన్ని టేబుల్ మీద నా వైపు పెట్టింది. డాక్టరు గారు కాగితం మీద ఏదో రాశారు. అయిపోయింది అనుకున్నాను. చేతి అలవాటే, అదీ ఒక్కసారికే పనిచేసింది. ఆమె వేలు పట్టుకుని నా తెల్లగింజ మీదికి లాగబోయాను. వేలు వెనక్కి గుంజుకుంది. మళ్ళీ చింతగింజ పెట్టాను. ఈసారి తోసేసింది, టేబుల్ అంచు దాకా దొర్లింది.

"ఆగు చెల్లె" అన్నాడు అన్న. "గీ దాడి ఏ గీత మీద వడ్డది?"

చూశాను. కింద కుడివైపు మూడు గింజలు చేరిన గీత ఒక్కటీ లేదు. ఉన్నదల్లా పైన ఎడమ మూలలో పాత దాడి. కదలకుండా అలాగే ఉంది. దానికి గింజ ఇచ్చేశాను కూడా. పాత దాడి మళ్ళీ లెక్కకు రాకూడదు. నిన్న తొందరలో చేర్చిన నాలుగు గీతలకూ ఆ షరతు పెట్టలేదు. ఈ డైరీ మొదటి పేజీలో రాసిపెట్టుకున్న తప్పు. మళ్ళీ చేయకుండా అని రాసుకున్న తప్పు.

తనది కాని గింజ అమ్మ తీసుకోలేదు. రెండుసార్లు పెట్టినా తీసుకోలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళం, ఒక యంత్రం, అందరం తీసుకోమన్నా తీసుకోలేదు.

తప్పు నాది సార్ అన్నాను. ఎక్కడో చూపించాను. ఆయన ట్యాబ్ తన వైపు తిప్పుకుని, వెనకటి ఎత్తూ ఈ ఎత్తూ మార్చి మార్చి చూశారు. చాలాసేపు చూశారు. రాసిన వాక్యం మీద గీత కొట్టారు. తర్వాత, ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి, మమ్మల్ని కాదు అమ్మను అడిగారు.

"తప్పు మీదా అమ్మా?"

అమ్మ ఊ అనలేదు. ఆయన్ని చూస్తూ ఊరుకుంది.

"మీ అమ్మాయిదా?"

"ఊ" అంది అమ్మ.

అన్న ఫక్కున నవ్వి, నవ్వుతూనే ఏడ్చి, కుర్చీ వెనక నుంచి వంగి అమ్మ భుజం మీద మొహం పెట్టుకున్నాడు. నేను ఆ గింజ వెతకడానికన్నట్టు టేబుల్ కిందికి దూరాను.

మాట నేర్పించడం వచ్చే వారం నుంచి మొదలు. జక్రాన్‌పల్లి మాట అన్న ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంటికి రాగానే వాడు గచ్చు మీద కూర్చుని అమ్మతో ఒక ఆట ఆడాడు. పది నిమిషాల్లో ఓడిపోయాడు.

వాళ్ళు ఆడుతుండగానే షరతు సరిచేశాను. నిన్న రాసిన లెక్క కూడా తప్పే. నూట పదిహేడు కాదు, అరవై ఎనిమిది. ఇరవై గీతలూ సరిగ్గా పట్టుకుంటున్నాయో లేదో ఇంకా పరీక్షించాలి. అందుకు నేనిక ఏ లెక్కా రాయక్కర్లేదు. ట్యాబ్ టింగ్ అన్నప్పుడు అమ్మ వైపు చూస్తాను. చేయి చాపితే దాడి. చాపకపోతే, తప్పు నా కోడ్‌లో ఉంది.